తరుగు పోగా

పైసా పెట్టకుండా ఆడతానని చెప్పుకోవడంలో ఉన్న దర్జా, గెలవడంలో నాకెప్పుడూ దొరకలేదు. 2015లో హార్త్‌స్టోన్ అనే కార్డుల ఆట ఫోన్లలోకి వచ్చినప్పుడు మొదలుపెట్టాను. అప్పట్లో ఆట రోజూ ఏదో ఒక చిన్న పని అప్పజెప్పేది. చేస్తే గోల్డ్ ఇచ్చేది. వంద గోల్డ్‌కి ఒక ప్యాక్, అందులో అయిదు కార్డులు. డబ్బున్నవాడు ఆ ప్యాకులే గంపగుత్తగా కొంటాడు. తేడా అంతే. కానీ ఓడిన ప్రతిసారీ "వాడు డబ్బు పోశాడు" అనే తీర్పు నా దగ్గర తయారుగా ఉండేది.

ఓ రాత్రి వార్‌లాక్ పాత్రతో ఆడే ఒకడు నన్ను ఆరో వంతు రాకముందే పడగొట్టాడు. కోపంతో వాడు దించిన కార్డులు ఒక్కొక్కటీ వెతికి చూశాను. దాదాపు అన్నీ కామన్‌లూ రేర్‌లూ, అంటే తక్కువ విలువ కార్డులే. జూ అంటారట ఆ డెక్‌ని; చవకరకం చిన్న ప్రాణులన్నిటినీ గుంపుగా మీదికి తోలడమే దాని పని. అక్కడైనా బుద్ధి రావాలి. రాలేదు. నాకు లోటు అన్నిటికంటే అరుదైన రకం, ఒక్క లెజెండరీ కార్డే అనుకున్నాను.

లెజెండరీ తయారు చేసుకోవాలంటే 1600 డస్ట్ కావాలి. ఉన్న కార్డులు పగలగొడితే డస్ట్ వస్తుంది. కామన్ చేయడానికి 40 పడుతుంది, పగలగొడితే చేతికొచ్చేది 5. లెజెండరీ పగలగొడితే 400. పాత నగ మార్చబోయిన వాడికి తరుగు కింద ముప్పాతిక భాగం కోసి, మిగిలినది చేతిలో పెట్టే కంసాలిని ఎవరైనా ఊరుకుంటారా? నేను ఊరుకోవడమే కాదు, ఉత్సాహంగా పగలగొట్టాను. మేజ్ పాత్రతోనే ఆడేవాణ్ణి గనక ప్రీస్ట్ కార్డులు నాకెందుకని ఆ పేజీ మొత్తం ఖాళీ చేశాను. తర్వాత పాలడిన్ పేజీ. కామన్‌లతోనే నింపుకోవాలంటే ఒక్క లెజెండరీకి 320 కార్డులు కావాలి. ఆ లెక్క వేసుకుంది అంతా అయ్యాకే. పైగా పగిలేటప్పుడు ఆ చప్పుడు బాగుంటుంది.

అంత చేసి తయారు చేసుకున్నది ఆర్చ్‌మేజ్ ఆంటోనిడస్ అనే లెజెండరీని. ఆయన బల్ల మీద ఉండగా మనం వేసే ప్రతి మంత్రానికీ ఒక ఫైర్‌బాల్ చేతికొస్తుంది. వినడానికి అద్భుతం. దించడానికి ఏడు మానా కావాలి; మానా వంతుకొకటి చొప్పున పెరుగుతుంది. ఏడో వంతులో దించితే మంత్రం వేయడానికి చుక్క మిగలదు. అవతలివాడు తన వంతులో ఆయన్ని చంపేస్తాడు. నాలుగు చవక మంత్రాలు దాచిపెట్టుకుని, ఒకే వంతులో గుప్పించేలా డెక్ కట్టుకున్నవాడికే ఆయన దేవుడు. నా డెక్‌లో పెద్ద పెద్ద రాక్షసులే తప్ప చవక మంత్రమంటూ ఏముంది గనక!

అప్పుడు డబ్బు పెట్టాను. అది కూడా ఎప్పుడు? 2016 ఏప్రిల్‌లో స్టాండర్డ్ పద్ధతి వచ్చి, పాత సెట్లు పక్కకు పోతాయని ముందే చెప్పేశాక. ఆ ప్రకటన చదవకుండా, పోబోయే గాబ్లిన్స్ వర్సెస్ నోమ్స్ సెట్ ప్యాకులే కొన్నాను. ఉగాది వంట అరిగేలోపు అవి వైల్డ్‌కి, అంటే పాత కార్డులు కూడా చెల్లే పద్ధతికి, పరిమితమయ్యాయి. అప్పటినుంచి ఏటా దాదాపు ఆ రోజుల్లోనే పాతవి పోతుంటాయి. డబ్బు పెట్టేవాడు కొత్త సెట్ వచ్చిన నాడే పెట్టాలని ఎవరిని అడిగినా చెప్పేవారు. నేను అడగలేదు, పైసా పెట్టనివాడు ప్యాకులు ఎప్పుడు కొనాలని ఎలా అడుగుతాడు?

2017 నుంచి కొత్త సెట్లో మొదటి పది ప్యాకుల్లోపు ఒక లెజెండరీ ఖాయం చేశారు. ఈ లెక్క సెట్టుకు సెట్టు వేరు. నేను గోల్డ్ కూడబెట్టి ఇందులో మూడు, అందులో నాలుగు చొప్పున కొని ఎక్కడా పది చేరకుండా జాగ్రత్తపడ్డాను.

ఇప్పుడు మా మేనల్లుడు ఆడుతున్నాడు. "మామయ్యా, ఏది పగలగొట్టను?" అన్నాడు. ఏ మామూలు కార్డైనా డెక్‌లో రెండే పడతాయి, ఏ లెజెండరీ అయినా ఒక్కటే పడుతుంది; అంతకు మించినవి తప్ప మొదటి ఆర్నెల్లు దేన్నీ ముట్టుకోవద్దన్నాను. ఒక్క చవక డెక్ పట్టుకుని, అది చేతికి వచ్చేదాకా ఆడమన్నాను. వాడు నా ఫోన్ లాక్కుని కార్డులు తిరగేస్తూ ఒక బంగారు లెజెండరీ దగ్గర ఆగాడు. దాన్ని పగలగొడితే సరిగ్గా 1600 వస్తుంది, అంటే కావలసిన మామూలు లెజెండరీ ఒకటి చేసుకోవచ్చు. నేను కట్టే ఏ డెక్‌లోనూ అది పనికి రాదు. "మరి దీన్నెందుకు ఉంచావు?" అన్నాడు. మెరుస్తుంది కదరా అన్నాను.