అల్పపీడనం, అధిక ప్రసారం

అండమాన్ దగ్గర నాలుగు మబ్బులు గుండ్రంగా తిరిగితే చాలు, హైదరాబాద్ స్టూడియోల్లో పెద్ద ఫ్యాన్లు తిరగడం మొదలవుతుంది. ఇంకా అది ఉపరితల ఆవర్తనమే. అల్పపీడనం కావాలి, వాయుగుండం కావాలి, తీవ్ర వాయుగుండం కావాలి. గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లకు చేరితే గానీ దాన్ని తుపాను అనరు, పేరూ పెట్టరు. ఇన్ని మెట్లు ఎక్కే ఓపిక తుపానుకు ఉంది గానీ ఛానెళ్లకు లేదు. బారసాల కాకముందే ‘ముంచుకొస్తున్న మహాప్రళయం’ అని స్క్రోలింగ్ వేసేస్తారు.

ఆ స్క్రోలింగ్ ఫొటో అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పడుతుంది. సముద్రానికి ఒక రాత్రి బస్సు ప్రయాణమంత దూరంలో, అయిదో అంతస్తులో, ఇన్వర్టర్ కింద కూర్చున్నవాళ్లు “వదినా, మీ దగ్గర కొవ్వొత్తులున్నాయా?” అని ఆరా తీస్తారు. పది నిమిషాల్లో కింద కిరాణా కొట్లో పాలప్యాకెట్లు ఖాళీ, బ్రెడ్డు ఖాళీ. శనగపిండీ ఖాళీయే. ప్రళయం ప్రళయమే, బజ్జీలు బజ్జీలే.

ఇక ఉప్పాడ. కాకినాడ–ఉప్పాడ బీచ్ రోడ్డును సముద్రం ఏళ్ల తరబడి కోస్తూనే ఉంది, తుపాను లేని రోజుల్లోనూ. అయినా రెయిన్‌కోటు వేసుకున్న రిపోర్టర్ అక్కడే నిలబడాలి. “ప్రస్తుతం అక్కడ పరిస్థితి ఏంటి?” అంటుంది స్టూడియో. “మీరిక్కడ చూసినట్టయితే అలలు ఏ స్థాయిలో ఎగసిపడుతున్నాయో...” అంటాడు అతను. ఎవరూ బయటికి రావద్దని అధికారులు చెబుతున్నారనే మాటను బయట నిలబడే, తడుస్తూనే చెబుతాడు. అతన్నేమీ అనలేం, ఉద్యోగం. కానీ 2023 జూన్‌లో బిపర్‌జాయ్ తుపాను గుజరాత్ వైపు వెళ్తుంటే, స్టూడియో లోపలే గొడుగు పట్టుకుని గాలికి ఊగిపోయిన హిందీ యాంకరమ్మను ఏమనాలి?

ఓడరేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికలదీ ఇదే గతి. అవి ఓడలవాళ్ల కోసం పెట్టినవి. ఒకటో నంబరు అంటే దూరాన సముద్రంలో వాయుగుండం ఉందని, ఇప్పటికిప్పుడు రేవుకు వచ్చిన ముప్పేమీ లేదని. మనవాళ్లు దానికీ సైరన్ మోగిస్తారు. పదో నంబరు వచ్చేసరికి మోగించడానికి ఇంకేమీ మిగలదు. ఆ పైన పదకొండోది కూడా ఉంది. హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు పూర్తిగా తెగిపోయాయని దాని అర్థం. నన్నడిగితే దాన్ని ముందు ఛానెళ్ల మేడల మీద ఎగరేయాలి.

ఈ ఎకసెక్కం వాతావరణ శాఖ మీద కాదు. 1977 నవంబరులో ఉప్పెన దివిసీమను ఊడ్చేసినప్పుడు వేలమంది పోయారు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖను నేరుగా కొట్టినా ఆంధ్రప్రదేశ్‌లో మరణాలు పదుల్లోనే ఆగాయి. ముందే చెప్పారు, జనాన్ని ముందే తరలించారు. అది హెచ్చరిక. టీవీలో వచ్చేది జాతర. 2013 నవంబరులో లెహర్ బలహీనపడి వాయుగుండంగా మచిలీపట్నం దగ్గర తీరం దాటింది. ఇలా తుపాను నీరసించిన ప్రతిసారీ యాంకర్ల ముఖాలు చూడండి, అచ్చం పెళ్లి తప్పిపోయిన ఇంటివాళ్లలా ఉంటారు.

జాతర వల్ల నవ్వులే అయితే సర్దుకుపోవచ్చు. కానీ పేరు లేని వానను చూసే కన్ను పోతోంది. 2024 ఆగస్టు 31 అర్ధరాత్రి దాటాక కళింగపట్నం దగ్గర తీరం దాటినది ఉత్త వాయుగుండం. పేరు లేదు, గ్రాఫిక్స్ లేవు. ఆ పగలే బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. 2025 అక్టోబరులో మొంథాకు పేరుంది కాబట్టి కెమెరాలన్నీ కోనసీమ, కాకినాడ ఒడ్డున బారులు తీరాయి. తీరం దాటేసింది, ఇక అయిపోయిందనుకున్నారు. తెల్లారి అదే తుపాను వరంగల్, హనుమకొండలను ముంచింది. అక్కడ అలలు లేవుగా, లైవ్‌కు ఏం బావుంటుంది?

తుపాను కబురు నిజంగా కావలసినవాడు కోసిన పనలు చేలో పరుచుకుని ఉన్న కౌలు రైతు. అతనికి ఉపగ్రహ చిత్రంలో ఎర్రగా తిరిగే చక్రం అక్కర్లేదు. వాన రాత్రికి మొదలవుతుందా, రేపు మధ్యాహ్నానికా? కుప్ప వేసుకునే వ్యవధి ఉందా? అద్దెకు బరకాలు తెచ్చుకోవాలా, వద్దా? నాలుగు గంటలు టీవీ ముందు కూర్చున్నా వీటికి జవాబు దొరకదు. వాతావరణ శాఖ బులెటిన్‌లో జిల్లాలవారీగా ఉంటుంది, తుపాను లేచాక మూడేసి గంటలకోసారి కొత్తది వస్తుంది. దాన్ని చదివి వినిపించడానికి రెండు నిమిషాలు చాలు.

కాబట్టి ఛానెళ్ల పెద్దలకు మనవి. వచ్చే తుపానుకు ఏ జిల్లాలో, ఏ పూట నుంచి, ఎన్ని సెంటీమీటర్ల వానో చదివించండి. ఫ్యాన్లు కట్టేయండి, కరెంటు కలిసొస్తుంది.