లంఖణం కుందేలుకి పరమౌషధం కాదు

కుందేలుపిల్ల ఇంటికొచ్చిన మూడో రోజున పెంటికలు మెత్తబడ్డాయి. "ఒక పూట మాడ్చవే, అదే సర్దుకుంటుంది" అంది మా పెద్దమ్మ. లంఖణం పరమౌషధమని వింటూ పెరిగినదాన్ని, నాకూ సబబనిపించి ఆ రాత్రి గడ్డీ గింజలూ రెండూ తీసేశాను. తెల్లారి చూస్తే బోనులో ఓ మూల ముడుచుకుని, వీపు గూనిలా పెట్టి కూర్చుంది. పళ్ళు నూరుతోంది. కింద పరిచిన కాగితం మీద ఒక్క పెంటికా లేదు. పశువైద్యురాలు దాన్ని దారిలో పెట్టడానికి రెండు రోజులు పట్టింది. అప్పుడు ఆవిడ దగ్గర విన్నదీ, తర్వాత చదివి తెలుసుకున్నదీ ఇక్కడ రాస్తున్నాను. కొత్తగా కుందేలు తెచ్చుకున్న ఇళ్ళన్నిటికీ మా పెద్దమ్మ ఇచ్చినలాంటి సలహాలే, అంతే ప్రేమగా అందుతాయి.

మాడ్చడం సంగతి ముందు. మన కడుపు చెడితే కాస్త విశ్రాంతి ఇస్తే బాగుపడుతుంది. కుందేలు పేగు ఆగితే చెడుతుంది. గడ్డిలో అరగని ముతక పీచు దాన్ని కదిలిస్తూ ఉంటుంది. సన్నటి పీచు సీకం అనే పెద్ద సంచిలోకి చేరి, అక్కడి సూక్ష్మజీవుల వల్ల పులుస్తుంది. మేత ఆగితే కదలిక మందగిస్తుంది, గ్యాసు పడుతుంది, ఆ నొప్పికి అది ఇంకా తినదు. కుందేలు వాంతి చేసుకోలేదు కూడా. అందుకే ఆపరేషనుకి ముందు కుక్కల్ని పస్తుంచినట్టు కుందేళ్ళని ఉంచరు. 12 గంటలు మేత ముట్టకపోయినా, పెంటికలు పడకపోయినా వైద్యుడి దగ్గరికి పరుగెత్తాల్సిందే.

"నీళ్ళు పట్టకండి, విరేచనాలు ఎక్కువవుతాయి" అనేవాళ్ళూ ఉన్నారు. వినకండి. నీళ్ళు తగ్గితే లోపలున్నది గట్టిపడి మరింత బిగుస్తుంది, మన ఎండాకాలంలో మరీను.

తర్వాత వచ్చేది పెరుగన్నం. పొట్టకి చలవ చేస్తుందంటారు. పాలు మానిన కుందేలుకి పాల పదార్థాలు పడవు. అన్నం, రొట్టె, బిస్కెట్లలోని పిండిపదార్థం సీకంలో చెడ్డ సూక్ష్మజీవులకి విందు. క్యారెట్టు కూడా తీపి సరుకే. చిన్న ముక్క ముద్దుకి పెట్టొచ్చు, భోజనంగా కాదు. "చిన్నపిల్ల కదా, ఆవుపాలు పట్టండి" అనే మాట నన్ను ఎక్కువ భయపెడుతుంది. పాలు తాగే వయసు పిల్ల అసలు మన ఇంటికే రాకూడదు; కుందేలుపిల్లలు తల్లి దగ్గర ఎనిమిది వారాలైనా ఉండాలి. నెల కూడా నిండని పిల్లని రెండు నెలలదని అమ్మేస్తే, కొన్నవాళ్ళకి తెలిసేదెలా? తల్లిపాలు దూరమై, మేత మారి, ప్రయాణంలో బెదిరిపోయిన పిల్ల కడుపు చెడక ఏమవుతుంది? అందుకే కొన్నచోట అది ఏం తినేదో అడిగి అదే తెచ్చుకోండి. వారం పది రోజుల మీద కొద్దికొద్దిగా మార్చండి.

అన్నిటికన్నా ప్రమాదకరమైంది ఒకటుంది: ఇంట్లో పిల్లలకి వాడగా మిగిలిన యాంటీబయాటిక్ సిరప్పు రెండు చుక్కలు వేయమనడం. అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, క్లిండామైసిన్ లాంటివి కుందేలు నోట్లో పడితే సీకంలోని మంచి సూక్ష్మజీవులు చచ్చి, క్లాస్ట్రీడియం జాతి పెరిగి విషం పుట్టిస్తుంది. కొద్ది రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. కుందేలుకి ఏ మందు ఇవ్వొచ్చో తెలిసిన వైద్యుడు చెప్పనిదే చుక్క కూడా వేయకండి. మన విరేచనాల మాత్రలూ అంతే.

"ఛీ, దాని పెంటికలు అదే తింటోంది, ఆపండి!" అని మొహం తిప్పుకునేవాళ్ళకి ఓపిగ్గా చెప్పాలి. కుందేలు రెండు రకాలు వేస్తుంది. గుండ్రంగా, పొడిగా కనబడేవి ఒకటి. రెండోది చిన్న ద్రాక్షగుత్తిలా మెత్తగా, మెరుస్తూ ఉంటుంది. దాన్ని నేలమీద పడకముందే నోటితో అందుకుని మింగేస్తుంది. సీకంలో తయారైన మాంసకృత్తులు, బి విటమిన్లు దానికి దక్కేది అలాగే. ఆ మెత్తటివి తినకుండా వదిలేస్తే, తోక కింద అంటుకుంటే, చాలామంది విరేచనాలనుకుంటారు; తరచు అది గింజలూ తీపీ ఎక్కువై, గడ్డి తక్కువైందనడానికి గుర్తు. నీళ్ళలా పోతే మాత్రం వేరే సంగతి. పిల్లల్లో కాక్సిడియా అనే పరాన్నజీవి వల్ల అలా కావచ్చు, అప్పుడు తెల్లారేదాకా ఆగకూడదు. పెంటికలు పొట్లం కట్టి వెంట తీసుకెళ్ళండి, పరీక్షకి పనికొస్తాయి.

మేతలో పదింట ఎనిమిది పాళ్ళు గడ్డే ఉండాలి. వినాయకచవితికి మనం కోసే గరిక కుందేలుకి ఇష్టమైన మేత; మందు కొట్టని చోటు నుంచి తెచ్చి, కడిగి, ఆరబెట్టి వేయండి. ఎండబెట్టిన తిమోతి గడ్డి పాకెట్లలో దొరుకుతుంది. వరిగడ్డి పరుపుగా వేయొచ్చు, దానితోనే కడుపు నింపలేం. జీవితాంతం పెరిగే పళ్ళు అరిగేదీ ఈ గడ్డి నమలడంతోనే. కుందేళ్ళని చూసే వైద్యుడెవరో కొన్న రోజే కనుక్కుని నంబరు రాసుకోండి. కుక్కల్ని మాత్రమే చూసేవాళ్ళు చాలామందే ఉన్నారు, ఆ పొద్దున నాకు దొరికింది మూడో ఫోనుకి.

మా కుందేలు ఇప్పుడు మళ్ళీ గరికని పళ్ళ మధ్య కరకరలాడిస్తోంది. నేను లేవగానే ముందు బోను కింద కాగితం చూస్తాను. పెంటికలు నిండుగా, ఒకే సైజులో ఉంటేనే కాఫీ కలుపుకుంటాను.