కారు చూసిపెట్టే మనిషి

పెళ్ళిసంబంధం చూడ్డానికి వెళ్ళేటప్పుడు ఇంట్లో ఒక పెద్దాయన్ని వెంటబెట్టుకెళ్తాం కదా, పాత కారు చూడ్డానికీ అలాగే ఒకాయన్ని వెంటబెట్టుకెళ్తాం. ఆయనకి కార్ల గురించి తెలుసని చుట్టాలందరికీ తెలుసు. ఎలా తెలుసని మాత్రం ఎవరూ అడగరు. అడిగితే మళ్ళీ కొత్త మనిషిని వెతుక్కోవాలి.

మా కుటుంబంలో ఆ మనిషి మా పెద్ద తోడల్లుడు, నేను అన్నయ్యా అంటాను. జలవనరుల శాఖలో సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. చొక్కా జేబులో చిన్న టార్చిలైటు, ప్యాంటు జేబులో మడతపెట్టిన పాత గుడ్డముక్క లేకుండా గడప దాటరు. 1986లో ఆయన ఒక ఫియట్ కొన్నారు. దాని అసలు పేరు ప్రీమియర్ పద్మిని. మా వైపు దాన్ని పద్మిని అన్నవాణ్ణి నేను చూడలేదు. ఆ కారు ఆయన్ని తిప్పినదానికంటే ఆపినదే ఎక్కువ. ఆగినప్పుడల్లా ఆయన బానెట్ ఎత్తి ఒక పాఠం నేర్చుకున్నారు. కార్బురేటర్ విప్పడం, చోక్ లాగడం, అన్నిటికన్నా ముఖ్యంగా పాయింట్లు గీకడం. డిస్ట్రిబ్యూటర్ మూత తీస్తే లోపల రెండు చిన్న లోహపు బొడిపెలుంటాయి. అవి నల్లబడితే స్పార్కు రాదు. గరుకు కాగితంతో నాలుగు రుద్దులు రుద్దితే బండి మళ్ళీ గుర్రమవుతుంది. ఆ నాలుగు రుద్దుల మీదే ఆయన పేరు ప్రతిష్ఠలు నలభై ఏళ్ళుగా నడుస్తున్నాయి.

కారు చూడ్డానికి వెళ్ళాక ఆయన వెంటనే కారు చూడరు. ముందు కాఫీ తాగుతారు. తర్వాత కారు చుట్టూ ప్రదక్షిణం చేస్తారు, చెయ్యి తగలకుండా, మూడుసార్లు. ఆ తర్వాత ముందు ఎడమ టైరుని తన్నుతారు. టైరు తన్నితే ఏం తెలుస్తుందని నేనొకసారి అడిగాను. "టైరు కాదు తమ్ముడూ, తన్నినప్పుడు అమ్మేవాడి మొహం చూడాలి" అన్నారు. అమ్మేవాళ్ళ మొహాలన్నీ ఒకేలా ఉంటాయి, ఎవడి కారునైనా తన్నితే మొహం అలాగే పెడతాడు. కానీ ఆ మాట చెప్పాక ఆయన మీద నా గురి ఇంకా పెరిగింది.

తర్వాత ఆయిల్ పుల్ల లాగి, గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి తీసి, కొసన ఉన్న చుక్కని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దుతారు. వాసన చూస్తారు. మా అత్తగారు నెయ్యి చూసే పద్ధతి అచ్చం ఇదే. ఆపైన ఇంజను స్టార్టు చేయించి, కళ్ళు మూసుకుని, తల కాస్త వంచి వింటారు. త్యాగరాయగానసభలో మొదటి వరసలో కూర్చున్నవాళ్ళు కూడా అంత శ్రద్ధగా వినరు. వెనక్కి వెళ్ళి పొగ చూస్తారు. నీలంగా వస్తే ఆయిలు కాలుతోంది. నల్లగా వస్తే డీజిల్ సరిగ్గా మండటం లేదు. తెల్లగా ఆగకుండా వస్తే నీళ్ళు లోపలికి దిగుతున్నాయి. ఇవన్నీ నిజాలే. ఆయనకి ఏమీ తెలియదని నేననను. తెలిసినంతవరకూ గట్టిగా తెలుసు. ఎక్కడ ఆగిపోయిందో ఆయనకి తెలియదు, అంతే.

మేం చూసిన కారు గుంటూరు బ్రాడీపేటలో ఉంది. 2013 మోడల్ డీజిల్ బండి, 92 వేల కిలోమీటర్లు తిరిగింది. అమ్మేది ఒక పెద్దమనిషి. వాళ్ళబ్బాయి డాలస్ వెళ్ళిపోయాడట. "సింగిల్ హ్యాండండీ. ఎండ కన్నెరగదు. అమ్మాలని లేదు, ఊరికే పడుంటే పాడైపోతుందని" అన్నారు. పాత కారు అమ్మేవాళ్ళెవరికీ అమ్మాలని ఉండదు, గమనించారా?

నా సంగతి చెప్పాలంటే, ఆ కారు నాకు గేటు దగ్గరే నచ్చేసింది. ముదురు ఎరుపు. మిగతాదంతా మా అన్నయ్యగారు చూసుకుంటారన్న ధీమా. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది, ఆయన్ని నేను తీసుకెళ్ళింది తెలుసుకోవడానికి కాదు. వద్దనుకుంటే ఒంటరిగా ఎవరైనా వద్దనుకోగలరు. కొనడానికే పక్కన ఒకరుండాలి.

మేం వెళ్ళేసరికే బానెట్ వెచ్చగా ఉంది. ఆయన దానిమీద అరచెయ్యి ఆనించి, "చూశావా, ప్రాణమున్న బండి" అన్నారు. ముందే వేడెక్కించి పెట్టిన ఇంజను, చల్లటి ఇంజను పొద్దున్నే చేసే చప్పుళ్ళన్నీ దాచేస్తుందని నాకు తర్వాత బెజవాడ ఆటోనగర్లో మెకానిక్ చెప్పాడు. అప్పుడు మాత్రం నేనూ చెయ్యి ఆనించి, ఔనన్నట్టు తలూపాను.

చివర్లో ఆయన తన బ్రహ్మాస్త్రం వేశారు. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, ఎటో చూస్తూ, "పాయింట్లు ఎప్పుడు మార్చారు?" అన్నారు.

పెద్దమనిషి రెప్పపాటు తడబడ్డారు. "పోయిన నెలేనండీ" అన్నారు.

"ఒరిజినలేనా?"

"కంపెనీవేనండీ."

ఇద్దరూ తృప్తిగా తలలూపుకున్నారు. మూడు లక్షల నలభై వేలు చెప్పిన బండి మూడు లక్షల పది వేలకి తెగింది. పశువుల సంతలో తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని బేరమాడే పద్ధతి ఆయనకింకా పోలేదు. నా వేళ్ళు నొక్కుతూనే ఉన్నారు గానీ ఏ నొక్కు ఎంతో నాకు తెలియదు. ఇక కాగితాల దగ్గర ఆయన పులి. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు, ఆర్‌సీ మీద ఫైనాన్సు లేకపోవడం, ఇన్సూరెన్సు గడువు, పొల్యూషన్ సర్టిఫికెట్టు, దేన్నీ వదల్లేదు. ముప్పై ఏళ్ళు ఫైళ్ళు చూసిన కళ్ళు. కారు కాగితమై ఉంటే నాకు ఏ బాధా ఉండేది కాదు.

"ఇంజను కుట్టుమిషన్లా ఉంది. పదేళ్ళు చూసుకోనక్కర్లేదు" అన్నారు దారిలో.

పదిహేడో రోజు అత్తగారి మొక్కు తీర్చడానికి ద్వారకా తిరుమల బయల్దేరాం. హనుమాన్ జంక్షన్ ఇంకా రాలేదు. ముందునుంచి టప్పుమని ఒక శబ్దం వచ్చింది, అంతే. బండి తన ఊపుతో కొంత దూరం వెళ్ళి, రోడ్డుపక్క బుద్ధిమంతురాలిలా ఆగింది. తాళం తిప్పితే స్టార్టరు మాత్రం ఏ బరువూ లేనట్టు గిరగిరా తిరుగుతోంది. అత్తగారు గోవిందా అన్నారు. మా ఆవిడ, "అదేంటి, బావగారు చూశారుగా!" అంది.

ఫోన్ చేశాను. "ఫోను ఇంజను దగ్గర పెట్టు, సౌండు వింటాను" అన్నారు.

"సౌండు లేదన్నయ్యా."

"అస్సలు లేదా?"

"లేదు."

"అయితే లోపల దెబ్బతిన్నదేమీ ఉండదు. దెబ్బతింటే చప్పుడొస్తుంది. డీజిల్లో గాలి పట్టుంటుంది, పంపు కొట్టమను."

ఎవర్ని కొట్టమనాలో తెలియక లారీకి కట్టించి బెజవాడ ఆటోనగర్‌కి లాక్కొచ్చాం. మెకానిక్ కుర్రాడికి పాతికేళ్ళుండవు. ముందువైపు ప్లాస్టిక్ కవరు ఊడదీసి, తెగిపోయిన రబ్బరు బెల్టుని చచ్చిన పాముని ఎత్తినట్టు ఎత్తి చూపించాడు. టైమింగ్ బెల్టు. కింద క్రాంకునీ, పైన క్యామునీ కలిపి తిప్పేది అదే. వాల్వు కిందికి దిగే వేళకి పిస్టన్ పక్కకి తప్పుకోవాలి, ఆ తాళం తప్పకుండా చూసేది ఆ బెల్టే. అది తెగితే పిస్టన్ పైకొచ్చి వాల్వుల్ని గుద్దేస్తుంది. హెడ్ దింపితే వాల్వులన్నీ వంగి ఉన్నాయి.

"ఇది ముందే తెలియదా బాబూ?" అన్నాను.

"తెలియదు సార్. పొగ రాదు, చాలాసార్లు చప్పుడూ చెయ్యదు, ఆయిలు రంగు మారదు. కిలోమీటర్లూ ఏళ్ళూ లెక్కపెట్టుకుని మార్చేయడమే. ఎప్పుడు మార్చారో బిల్లు అడగాలి." క్లచ్ పెడల్ రబ్బరు వైపు చూసి నవ్వాడు. "92 వేలు కాదు సార్ ఇది. లక్షన్నర దాటేసింది."

అప్పటికి మా అన్నయ్యగారు ఆటోలో దిగారు. టార్చిలైటు తీశారు. వంగిన వాల్వుని చేతిలోకి తీసుకుని, గుడ్డతో తుడిచి, వెలుగులో అటూ ఇటూ తిప్పారు.

"బెల్టు గురించి అడగలేదా సార్?" అన్నాడు కుర్రాడు.

"పాయింట్లు అడిగాను" అన్నారాయన.

"ఏం పాయింట్లు?"

"అవే, డిస్ట్రిబ్యూటర్ పాయింట్లు. పోయిన నెలే మార్చానన్నాడు."

కుర్రాడు ఓసారి నా వైపు, ఓసారి ఆయన వైపు చూశాడు. "ఇది డీజిల్ కదా సార్. స్పార్కే ఉండదు, ఇంక పాయింట్లెక్కడివి?"

షెడ్డులో కాసేపు పక్కవాడి గ్రైండరు చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆయన వాల్వుని నెమ్మదిగా బల్ల మీద పెట్టారు.

"అదే తమ్ముడూ నేననేది. లేని పాయింట్లు మార్చానన్నప్పుడే ఆ మనిషి ఎలాంటివాడో నాకు తెలిసిపోయింది."

"మరి చెప్పలేదేం అన్నయ్యా?"

"నీకు కారు నచ్చింది కదా!"

దీనికి నా దగ్గర సమాధానం లేదు, ఇప్పటికీ లేదు.

గుంటూరు పెద్దమనిషి ఫోన్ ఎత్తారు, పాపం. "మా దగ్గరున్నన్నాళ్ళూ తలనొప్పని కూడా అనలేదండీ. మీరు స్పీడు తోలుతారేమో" అన్నారు. అత్తారింటికి పంపిన పిల్ల గురించి అడిగినా అదే జవాబొస్తుంది. మా వీధిలో ఉండే లాయరు కుర్రాణ్ణి అడిగాను. అమ్మిన మనిషేమీ కార్ల వ్యాపారి కాదు, సొంత బండి అమ్ముకున్నాడు, వినియోగదారుల కోర్టులో నిలవడం కష్టం అన్నాడు. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం ప్రకారం మామూలుగా మంచిచెడ్డలు చూసుకోవాల్సింది కొనేవాడేనట. తెలిసి అబద్ధం చెప్పాడని రుజువు చెయ్యగలిగితే అది వేరే సంగతట. పాయింట్ల సంగతి చెప్పాను. చాలాసేపు నవ్వి, "లేని వస్తువు గురించి ఆడిన అబద్ధానికి నష్టం ఎంతని వేద్దాం సార్?" అన్నాడు.

బిల్లు 62 వేలైంది. కట్టిన రోజు రాత్రి వదినగారు ఫోన్ చేశారు. "మరిదిగారూ, మీ అన్నయ్య మూడు రోజులుగా సరిగ్గా అన్నం తినట్లేదు. ఓసారి వచ్చి ఏమీ అనుకోలేదని చెప్పి వెళ్ళండి" అన్నారు. స్వీట్లు పట్టుకుని వెళ్ళి చెప్పొచ్చాను. ఆ స్వీట్లు బిల్లులో కలపలేదు.

ఏడాది తర్వాత ఆ కారు అమ్మకానికి పెట్టాను. తెనాలి నుంచి ఒక కుర్రాడొచ్చాడు. పక్కన వాళ్ళ బాబాయిగారు, రైల్వేలో చేసి రిటైరయ్యారట. చొక్కా జేబులో టార్చిలైటు కనబడగానే నాకు గుండె ఝల్లుమంది. కాఫీ తాగారు, ప్రదక్షిణం చేశారు, టైరు తన్నారు. నేను నిజాయితీగా కొత్త బెల్టు బిల్లు తీసి చేతిలో పెట్టాను. ఆయన దాన్ని చూడకుండానే మడిచి నాకే ఇచ్చేశారు.

"అది సరే గానీ, పాయింట్లు ఎప్పుడు మార్చారు?"

కుర్రాడు ఆయన మొహంలోకి భక్తిగా చూస్తున్నాడు. వాడికి ఎరుపు రంగు నచ్చిందని నాకు గేటు దగ్గరే తెలిసిపోయింది.

"పోయిన నెలేనండీ" అన్నాను.