హెచ్ ఉందా, లేదా?

నలభై ఎనిమిదో ఏట పీహెచ్‌డీలో చేరడమంటే దిగాల్సిన స్టేషను దాటిపోయాక రైల్లో సీటు దొరకడం లాంటిది. దొరికింది కదా అని కూర్చున్నాను. "ఇప్పుడు డాక్టరయ్యి ఎవరికి సూదులు పొడుస్తారండీ?" అంది మా ఆవిడ. అంశం గురజాడ కన్యాశుల్కం నాటకం. దాని మీద అందరూ అన్నీ రాసేశారు కదండీ అని నసిగితే, "అందుకే తీసుకోమంటున్నాను, రిఫరెన్సులకి కొదవుండదు" అన్నారు మా గైడుగారు. 1897 నాటి తొలి కూర్పుకీ, 1909 నాటి మలి కూర్పుకీ మధ్య మాటల తేడాలు పట్టాలి. అంతే. ఏడాదిలో అయిపోతుందనుకున్నాను.

యూనివర్సిటీ లైబ్రరీ నేను ఎమ్మే చదివిన రోజుల్లోలా లేదు. అప్పట్లో గుమ్మంలోనే కార్డు క్యాటలాగు బీరువా ఉండేది. చిన్నచిన్న సొరుగులు, సొరుగుకో అక్షరం. ఇప్పుడా బీరువాని వరండాలోకి నెట్టేశారు. అటెండరుగారు దాంట్లో టీ సామాను పెట్టుకున్నారు. అలవాటు పోలేదు పాపం: గ్లాసులు 'గ' సొరుగులో, పంచదార 'ప' సొరుగులో. ఆ భవనం మొత్తంలో వెతగ్గానే దొరికే వస్తువులు అవి రెండే.

మిగతావన్నీ కంప్యూటర్లో ఉన్నాయి. ఓపాక్ అంటారు. కూర్చుని శుభ్రంగా తెలుగులో కన్యాశుల్కం అని కొట్టాను. ఏమీ లేదంది. గురజాడ అని కొట్టాను. అదీ లేదంది. తెలుగు దేశంలో, తెలుగు శాఖ ఉన్న యూనివర్సిటీలో కన్యాశుల్కం లేకపోవడమా అని నేను ఆవేశపడుతుంటే, కౌంటర్లో ఉన్న అమ్మాయి జాలిగా చూసి, "తెలుగు పుస్తకాల్ని తెలుగులో వెతికితే ఎలా సార్? ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి" అంది.

ఇక్కణ్ణుంచే నా అసలు పరిశోధన మొదలైంది. న్యాకి ఒక ఏనా, రెండు ఏలా? శుకి ఉత్త ఎస్సా, పక్కన హెచ్ కూడానా? చివర సున్నాకి ఎమ్ చాలా, ఎమ్ యూ పెట్టి శుల్కము అనాలా? కన్య వేరు, శుల్కం వేరుగా రాయాలా, కలిపెయ్యాలా? లెక్కేస్తే పదహారు కన్యాశుల్కాలు తేలాయి. కాగితం మీద రాసుకుని ఒక్కోటే కొట్టుకుంటూ పోయాను. మా లైబ్రరీలో ఆ నాటకం ఏడు ప్రతులు ఉన్నాయి, నాలుగు పేర్లతో. ఒకదానికొకటి అక్కాచెల్లెళ్లని ఆ కంప్యూటరుకి తెలీదు.

ఎదురుగా గోడ మీద రంగనాథన్‌గారి పటం ఉంది. 1931లో ఆయన గ్రంథాలయానికి అయిదు సూత్రాలు రాసిపెట్టారు. నాలుగోది పాఠకుడి కాలం ఆదా చెయ్యమని చెబుతుంది. ఆయన కళ్లెదుటే గంటంపావు కరిగించి, ఆయన వంక చూడలేక తల దించుకుని బయటికొచ్చాను.

కాని ఆ రోజే ఒక సంగతి బోధపడింది. పుస్తకం దొరకాలంటే గురజాడ మనసు తెలియనక్కర్లేదు, దాని పేరు ఎక్కించిన మనిషి మనసు తెలియాలి. ఎస్ పక్కన హెచ్ పెట్టినవాడు 'శ'కీ 'స'కీ తేడా తెలిసినవాడు, పొద్దున్నే ఓపిగ్గా టైపు చేసుంటాడు. రెండు ఏలు పెట్టి, చివర ము చేర్చినవాడు భాషాప్రవీణ పాసై ఉద్యోగం దొరక్క ఇందులో చేరాడు. ఒక్క ఏతో, ఉత్త ఎస్సుతో, ఎమ్ దగ్గరే ఆపేసినవాడికి మాత్రం మధ్యాహ్నం ఒంటిగంట దాటింది, క్యారేజీ మూత తీసే వేళయింది.

తర్వాత మాకు శిక్షణ తరగతి పెట్టారు. రెండు సమోసాలు, ఒక టీ, అండ్, ఆర్, నాట్. ఈ మూడు మాటలతో ప్రపంచంలో దేన్నయినా పట్టుకోవచ్చట. బూల్ అనే ఇంగ్లీషు గణితజ్ఞుడు పందొమ్మిదో శతాబ్దంలో వేసిన పునాదట. మా ఆవిడ ఆయన పేరెప్పుడూ వినలేదు గానీ, పాతికేళ్లుగా నన్ను బజారుకి పంపేది ఆ పద్ధతిలోనే: వంకాయలు ఆర్ బెండకాయలు, అండ్ కొత్తిమీర, నాట్ పుచ్చులు. నేను నాట్ దగ్గరే ఎప్పుడూ తప్పేది.

స్టారు గుర్తు ఒకటి నేర్పారు. మాటలో తెలిసిన ముక్క కొట్టి పక్కన స్టారు పెడితే, మిగతాది అదే పూరించుకుంటుంది. ఎన్ని ఏలు, హెచ్ ఉందా అనే బాధ ఉండదు. ప్రాణం లేచొచ్చింది. ఆ రాత్రే శోధగంగ తెరిచాను. దేశంలోని యూనివర్సిటీల సిద్ధాంత గ్రంథాలన్నీ వచ్చి కలవడానికి గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్లు కట్టిన రేవు అది. అయిదు లక్షల పైచిలుకు ఉన్నాయి. కన్యా స్టార్ అన్నాను. కన్యాకుమారి జిల్లా వచ్చి పడింది. కన్యాకుమారి జిల్లాలో మత్స్యకారులు, కన్యాకుమారి జిల్లాలో స్వయం సహాయక బృందాలు, కన్యాకుమారి జిల్లాలో రబ్బరు తోటలు. దేశమంతా చివరికి వెళ్లి కన్యాకుమారిలో కలుస్తుందని చిన్నప్పుడు మ్యాపులో చూశాను గానీ, నా థీసిస్సు కూడా అక్కడికే చేరుతుందనుకోలేదు.

పోనీ, విదేశీ జర్నళ్లు చూద్దామనుకున్నాను. 2025 నుంచి కేంద్రం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పెట్టింది. మూడేళ్లకి 6,000 కోట్లు, 30 ప్రచురణ సంస్థలు, 13 వేల దాకా జర్నళ్లు. అంతకుముందు ఒక్క వ్యాసం చదవాలంటే ముప్ఫై, నలభై డాలర్లు కట్టమనే తలుపు అడ్డుపడేది. ఇప్పుడా తలుపుల్లో చాలా మటుకు తెరిచే ఉంటాయి. ఇది మంచి పనే, వెటకారం కాదు. అంత ఖర్చుపెట్టి తలుపు తీశారు కదా అని లోపలికెళ్లి కన్యాశుల్కాన్ని ఇంగ్లీషులో బ్రైడ్ ప్రైస్ అని అడిగాను. ఆఫ్రికా ఆవులు తోలుకొచ్చాయి. దక్షిణ సూడాన్‌లో న్యూయర్ తెగవాళ్లు పిల్లకి ఎన్ని ఆవులు ఇస్తారు, అందులో మేనమామ వాటా ఎంత, అన్నీ ఉన్నాయి. రాత్రి రెండింటిదాకా కదల్లేకపోయాను. నాటకంలో ముసలి పెళ్లికొడుకు లుబ్ధావధాన్లు ఇస్తానన్న 1,800 రూపాయలకి అక్కడ ఎన్ని ఆవులొస్తాయో లెక్క వేశాను కూడా. ఆ కాగితం చూసి మా గైడుగారు రెండు రోజులు మాట్లాడలేదు.

తొలి కూర్పు మీద పాత వ్యాసాలున్న పుస్తకం ఒకటి చివరికి ఒక డిజిటల్ గ్రంథాలయంలో దొరికింది. స్కానింగు చేసిన ప్రతి. నాకు కావలసింది నలభై మూడో పేజీ. తెరిస్తే, పేజీ కుడివైపు మీద ఒక బొటనవేలు. గోరుకి గోరింటాకు, సగం వెలిసింది. వేలి పక్కన ఎర్ర గాజు అంచు. నాకు కావలసిన వాక్యం సరిగ్గా ఆ వేలి కిందికి వెళ్లి, అటునుంచి బయటికి రాలేదు. మొదట కోపం వచ్చింది. తర్వాత పేజీలన్నీ తిప్పి చూస్తే, వంద పేజీలు దాటేసరికి గోరింటాకు మాయమైంది. పండక్కి ముందు మొదలుపెట్టిన పుస్తకం కాదు మరి, పండగ అయ్యాక మొదలుపెట్టి వారాల తరబడి చేసిందన్నమాట. ఎన్ని వేల పేజీలు అలా అద్దం మీద బోర్లించి తీసిందో ఆ పిల్ల! నా వాక్యం ఒక్కటి పట్టుకున్నందుకు తగువెందుకు?

థీసిస్సు డీటీపీ చేయించి, నకలు తనిఖీకి ఇచ్చాను. సాఫ్ట్‌వేరు చూసి సున్నా శాతం పోలిక అంది. మా గైడుగారు ఉబ్బిపోయారు. కౌంటర్లో అమ్మాయే అసలు సంగతి చెప్పింది: "ఇది పాత ఫాంటు సార్. మీకు తెలుగులా కనిపిస్తుంది గానీ, దానికి లోపల ఇంగ్లీషు అక్షరాల చెత్త కనిపిస్తుంది. ఆ చెత్త ఎవరూ రాయలేదు కాబట్టి సున్నా." యూనికోడ్‌లోకి మార్పించి ఇస్తే 34 వచ్చింది. 2018 నాటి యూజీసీ నిబంధన ప్రకారం పది దాకా పరవాలేదు. పది దాటి నలభై లోపయితే ఆరు నెలలు మించకుండా గడువిచ్చి, సవరించుకు రమ్మంటారు. ఎవరిని కొట్టేశానా అని చూస్తే, ఎక్కువ భాగం నేను అచ్చువేసుకున్న నా వ్యాసాలే. దానికితోడు ముందు పేజీలు తీసెయ్యకుండా ఇచ్చినట్టున్నాను. "ఇది పూర్తిగా నా స్వీయ పరిశోధన" అనే ధ్రువపత్రం కింద ఎర్రగీత పడింది. అది మాత్రం మక్కీకి మక్కీ వేరేవాళ్లదట.

అయిదు నెలలు తిరగరాసి, పట్టా పుచ్చుకుని, సీడీ లైబ్రరీలో ఇచ్చే రోజొచ్చింది. శోధగంగకి పంపడానికి ఆ అమ్మాయి వివరాలు ఎక్కిస్తోంది. శీర్షిక దగ్గర ఆగి, తలెత్తకుండానే అడిగింది.

"సార్, శుల్కంలో హెచ్ పెట్టాలా?"

నా పదహారు రూపాలూ కళ్ల ముందు తిరిగాయి. పెడితే ఒకళ్లకి దొరకదు, పెట్టకపోతే ఇంకొకళ్లకి దొరకదు. నా వెనక నలుగురు స్కాలర్లు సీడీలతో నిలబడి ఉన్నారు. గోడ మీద రంగనాథన్‌గారు చూస్తున్నారు. ఒంటిగంటయింది, ఆ అమ్మాయి క్యారేజీ బల్ల మీదే ఉంది.

"నీ ఇష్టమమ్మా" అన్నాను.

మొన్న కర్నూలు నుంచి ఎవరో కుర్రాడు ఫోను చేశాడు. నా థీసిస్సు గురించి విన్నాడట, ఎంత వెతికినా కనబడటం లేదట.

"హెచ్ తీసేసి చూడు నాయనా" అన్నాను.