38వ కాలమ్

మీతో కాబట్టి చెప్తున్నాను. ఇంట్లో ఇప్పటికీ ఒప్పుకోలేదు.

అట్లాంటా దగ్గర మా కమ్మింగ్‌లో తెలుగువాళ్ళింటికి వెళ్తే ముందు బేస్‌మెంట్ చూపిస్తారు, తర్వాత కాఫీ ఇస్తారు. మా ఇంట్లో ఈ రెంటికీ మధ్య ఇంకొకటి ఉండేది: లాప్‌టాప్‌ల మీద నా ఉపన్యాసం. ఎవరి పిల్లకి కాలేజీలో సీటొచ్చినా, ఎవరి మామగారు విజయవాడ నుంచి "అల్లుడూ, వచ్చేటప్పుడు ఒకటి పట్రా" అన్నా నాకే ఫోన్ కొట్టేవాళ్ళు. నిజం చెప్పాలంటే అలా కొట్టింది ముగ్గురు. నేను మాత్రం ఫోర్సైత్ కౌంటీకంతటికీ ఆస్థాన పండితుణ్ణని తలెగరేసుకుని తిరిగాను.

అంతటి పండితుడి సొంత లాప్‌టాప్‌కి 2025లో గండమొచ్చింది. అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్టు ఆపేసింది. విండోస్ 11 వేద్దామంటే నాది ఏడో తరం ఇంటెల్ ప్రాసెసర్. దానికేమో ఎనిమిదో తరం కావాలి. మనవాళ్ళు సంబంధాలకి అటేడు తరాలు, ఇటేడు తరాలు చూస్తారని విన్నాను గానీ, ఏడో తరమని సంబంధం తప్పిపోవడం ఇదే చూడటం.

"ఏదో ఒకటి కొనేసుకోండి" అంది మా ఆవిడ. కొనేసుకోవడమా! ఎక్సెల్ షీటు తెరిచాను.

ఆరు వారాలు. 37 కాలమ్‌లు. స్క్రీన్ వెలుగు ఎంత, మీట ఎంత లోతుకి దిగుతుంది, మూత ఎన్ని డిగ్రీలు తెరుచుకుంటుంది. ఆఫీసు మీటింగుల్లో కెమెరా ఆపేసి మరీ నింపాను. నా పెళ్ళికి కూడా ఇంత విచారణ జరగలేదు.

మొదట మాక్‌బుక్ ఎయిర్. 2020 నవంబర్‌లో ఆపిల్ ఇంటెల్‌ని వదిలేసి సొంత ఎం1 చిప్ పెట్టుకున్నప్పటి నుంచీ ఎయిర్‌లో ఫ్యానే లేదు. నోరెత్తదు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా చార్జర్ అడగదు. 2025 మార్చిలో వచ్చిన ఎం4 మోడల్ 16 జీబీ మెమరీతో అప్పట్లో 999 డాలర్లు. మా కౌంటీ 7 శాతం టాక్స్ కలిపితే 1069. వంక పెట్టడానికి లేదు. అందుకే వద్దనుకున్నాను. మా వీధిలో హైస్కూలు పిల్లలందరి చంకలోనూ అదే ఉంటే పండితుడి పరువేం కావాలి?

తర్వాత థింక్‌ప్యాడ్. 1992లో ఐబీఎం పుట్టింట పుట్టి, 2005లో లెనోవో గడప తొక్కింది. కీబోర్డు నడిమధ్య ఎర్ర బొట్టుతో పెద్ద ముత్తైదువలా ఉంటుంది. ఆఫీసువాళ్ళిచ్చిందీ అదే. పగలంతా చూసిన మొహం రాత్రి కూడా చూడాలా అని పక్కన పెట్టాను. 2024లో వచ్చిన స్నాప్‌డ్రాగన్ విండోస్ లాప్‌టాప్‌లకి బ్యాటరీ బ్రహ్మాండం. కాకపోతే ఇంటెల్ భాషలో రాసిన ప్రోగ్రాములని అప్పటికప్పుడు తర్జుమా చేసుకుంటూ నడుస్తాయి, పాత ప్రింటర్ డ్రైవర్ల దగ్గర ఆ తర్జుమా పనిచెయ్యదు. మా ప్రింటర్ మా పెళ్ళినాటిది. కొట్టేశాను.

క్రోమ్‌బుక్ ఊసు షీటులోకే రానివ్వలేదు. పక్క వీధి తమ్ముడొకడు "అన్నా, మా నాలుగో క్లాసు వాడికి క్రోమ్‌బుక్ చాలదా?" అంటే నలభై నిమిషాలు నిలబెట్టి, అది కంప్యూటర్ కాదు నాయనా, బ్రౌజర్‌కి మూత తగిలించారంతే అని విడమరిచి చెప్పాను. "అవునన్నా" అన్నాడు. వెళ్ళి అదే కొన్నాడు.

మరి నేనేం కొన్నానంటారా? గేమింగ్ లాప్‌టాప్. నేను ఆడిన చివరి ఆట సాలిటేర్, అందులోనూ ఓడిపోయాను. అయినా ఏఐ మోడళ్ళు ఇంట్లోనే నడిపేస్తాననీ, లేక్ లేనియర్ మీద డ్రోన్ ఎగరేసి 4కే వీడియోలు ఎడిట్ చేసేస్తాననీ నాకు నేనే కథ చెప్పుకున్నాను. డ్రోన్ లేదు. దానికి వేరే ఎక్సెల్ షీటు ఉంది. కీబోర్డు కింద రంగురంగుల లైట్లు చూసి మా అమ్మ వీడియో కాల్‌లో "వినాయక చవితి పందిరేమిట్రా అది?" అంది.

నవ్వకండి. మీ ఇంట్లో ట్రెడ్‌మిల్ మీద ఇప్పుడు ఏం ఆరేసున్నాయో నాకు తెలీదా?

జనవరిలో స్నేహితుడి కూతురికి ఓణీల ఫంక్షన్. క్లబ్‌హౌస్ నిండా జనం. ఫొటోల వీడియో నా మిషన్ మీదే వెయ్యాలని నేనే పట్టుబట్టాను. చార్జర్ అచ్చం ఇటుక. అదెందుకులే మోతబరువని ఇంట్లో వదిలేశాను. ఊరికే వేస్తే నా గొప్పేముందని, వచ్చేవాళ్ళ కళ్ళు చెదిరేలా ఒక త్రీడీ డెమో గిరగిరా తిప్పుతూ పెట్టాను. ఫ్యాన్లు లేచాయి. అట్లాంటా ఎయిర్‌పోర్టు రన్‌వే క్లబ్‌హౌస్‌కి వచ్చేసింది. పంతులుగారు మంత్రం ఆపి ఏసీ తగ్గించమన్నారు. ఏసీ కాదండీ అని చెప్పే ధైర్యం నాకు లేదు. పిల్ల పీటల మీద కూర్చుంది, లైట్లు తీశారు, పాట మొదలైంది, నాయనమ్మ కళ్ళు తుడుచుకుంటోంది, మూడో నిమిషంలో మేనమామ బూరె కొరుకుతున్న ఫొటో దగ్గర తెర నల్లబడింది.

అందరూ నా వైపే. తలా ఒక చార్జర్ తెచ్చి అక్షింతలు వేసినట్టు నా మీద పడేశారు. అవన్నీ 30, 65 వాట్లవి. నా మిషన్‌కి తీర్థం పోసినట్టు.

విమానంలో 100 వాట్-అవర్లు దాటిన బ్యాటరీకి ప్రత్యేక అనుమతి కావాలి కనక ఎంత పెద్ద గేమింగ్ లాప్‌టాప్‌కైనా బ్యాటరీ 99 దగ్గర ఆగిపోతుంది. నాది ఆ డెమో తిప్పుతుంటే వంద వాట్లకి పైనే లాగుతుంది. భాగిస్తే గంట కూడా రాదు. నాలుగో క్లాసు లెక్క. నా 37 కాలమ్‌లలో అదొక్కటే లేదు.

నాలుగో క్లాసు అంటే గుర్తొచ్చింది. మూల కుర్చీలో హోంవర్క్ చేసుకుంటున్న కుర్రాడు లేచొచ్చి, "అంకుల్, పెన్‌డ్రైవ్ ఇవ్వండి" అన్నాడు. క్రోమ్‌బుక్! వీడియో చివరిదాకా చప్పుడు లేకుండా ఆడింది. వాళ్ళ నాన్న నా పక్కనే నిలబడి ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండేది.

ఇప్పుడు నా గేమింగ్ మిషన్ బేస్‌మెంట్‌లో బల్ల మీదే, ఇటుకతో సహా శాశ్వత నివాసం. మొన్నటిదాకా ఈ చలికి ఇడ్లీ పిండి పొంగాలంటే అవెన్‌లో లైటు వేసి పెట్టుకునేవాళ్ళం. ఒక రాత్రి నేను త్రీడీ డెమో ఆపడం మర్చిపోయాను. ఆ వేడి గాలి తగిలేచోట మా ఆవిడ పిండి గిన్నె పెట్టింది. పొద్దున్నకి మూత తోసుకుని పొంగింది.

షీటులో 38వ కాలమ్ చేర్చాను. నిన్న రాత్రి మా ఆవిడ మెట్ల మీంచి కేకేసింది: "ఏమండీ, రేపు దోసెలు. ఆ గిరగిరా తిరిగేది ఆన్ చేసి పడుకోండి."