రండ్రి.. ఆగుండ్రి!

నర్సులు లేరు, జల్ది రండ్రి అంటుంది జర్మనీ. లక్సెట్టిపేట బిడ్డ సంచి సర్దితే, ముందు బీ2 స్థాయి దాకా జర్మన్ నేర్చుకొమ్మంటుంది. గల్ఫ్‌కైతే ప్రోమెట్రిక్ పరీక్ష, డేటాఫ్లో సర్టిఫికెట్ల తనిఖీ. అమెరికాకైతే ఎన్‌క్లెక్స్ పరీక్ష, పాసయ్యాక ఏళ్లకేళ్లు వీసా క్యూ. కరెంటు పోయినా సెల్‌ఫోన్ వెలుగులో పసిపిల్ల నరం దొరకబట్టే సిస్టరమ్మకు నర్సింగ్ కౌన్సిల్ ఇచ్చే గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్ మాత్రం దొరకదు. అది చేతికొచ్చేసరికి ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీష్ పరీక్ష స్కోరుకు రెండేళ్ల గడువు తీరుతుంది! ఏజెంట్ల మోసాలు ఆపాలని 2015లో కేంద్రం గల్ఫ్ సహా 18 దేశాలకు నర్సులను సర్కారీ ఏజెన్సీలే పంపాలంది. మంచిదే. దోపిడీ తగ్గాలె గానీ, కాగితాలు తగ్గొద్దు కదా! ఈలోగా పెండ్లిసంబంధాలోళ్లు మాత్రం 'పిల్ల జర్మనీల ఉన్నట్టే' అని లెక్క కట్టేసుకున్నరు.