బొబ్బిలిలో పిల్లుల వాన

బొబ్బిలిలో వాన పడితే ఇన్నాళ్లూ నీళ్లే పడేవి. స్పోకెన్ ఇంగ్లిష్ కోచింగులు వచ్చాక పిల్లులూ కుక్కలూ పడుతున్నాయి. ‘నెలరోజుల్లో అమెరికన్ స్లాంగ్! రాకపోతే ఫీజు వాపస్!’ అంటుంది ఫ్లెక్సీ. వాపస్ అడిగినవాడు లేడు. ఇంగ్లిష్‌లో అడగమంటారని భయం.

అక్కడిచ్చే జిరాక్స్ పుస్తకం మొదటి పేజీలోనే ‘రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’, అంటే కుండపోత వాన, ఉంటుంది. దీని జాతకం చూద్దాం. పెద్దమనుషుల నోట నలిగి అరిగిన మాటలన్నీ పోగేసి, వాళ్ల కబుర్లలోనే ఇరికించి, జొనాథన్ స్విఫ్ట్ 1738లో ఒక వ్యంగ్య సంభాషణల పుస్తకం వేశాడు. ఈ వాన అందులో ఉంది. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు బొబ్బిలి కోట మీదికి వచ్చింది 1757లో. అంటే తాండ్ర పాపారాయుడు కత్తి దూయడానికి 19 ఏళ్ల ముందే నవ్వులపాలైన మాటను మన మేష్టార్లు ‘లేటెస్ట్’ అని అమ్ముతున్నారు!

పోనీ, పాతదైతేనేం? అర్థం ఒక్కటే చెప్పి, ఎవరితో ఎప్పుడు అనాలో చెప్పకపోవడమే అసలు ప్రమాదం. తాతగారు పోయారని సెలవు చీటీలో ‘కిక్‌డ్ ద బకెట్’ అనే ఎకసెక్కపు మాట రాస్తే, సెలవు మాట అటుంచి ఆఫీసరు మొహం చూడాలి. నాటకాలవాళ్లు తెర లేచేముందు చెప్పుకునే ‘బ్రేక్ ఎ లెగ్’తో మేష్టారు పరీక్షకెళ్లే కుర్రాణ్ని దీవిస్తే, అర్థం విన్న తల్లి ఊరుకుంటుందా? “ఓలమ్మో! నా గుంటడి కాలిరిగిపోవాలేటి మేష్టారూ?” అని నిలదీయదూ!

ఆ తల్లి నోట వచ్చిందే, అదీ స్లాంగంటే. జిరాక్స్ తీయనక్కర్లేదు. కానీ అదే పిల్లాడు క్లాసులో ‘ఏటి’ అంటే తప్పు, త్వరగా అనడానికి ‘బేగి’ అంటే మొరటు. సినిమాలోనైతే ఈ యాస ఎక్కువగా నవ్వించే పాత్రకే దక్కుతుంది. పక్కనున్న విజయనగరంలో ఉండే గురజాడ 1897లో జనం మాటలతో ‘కన్యాశుల్కం’ నాటకం అచ్చు వేయించాడు. అందులో ఇంగ్లిష్ ముక్కలు విసిరి పబ్బం గడుపుకునే గిరీశాన్ని చూసి నవ్వమన్నాడు. మనం అతణ్నే గురువుగా పెట్టుకున్నాం. శ్రీకాకుళం వైపు పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి, పుస్తకాల్లోకి వాడుక భాష రావాలని జీవితమంతా పోరాడాడు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న దండలేస్తాం. ముప్పయ్యో తారీకునుంచి మళ్లీ ‘ఏటి’ అన్నవాణ్ని నిలబెడతాం.

ఇంగ్లిష్ వద్దనడం లేదు. విశాఖలో ఉద్యోగానికైనా, హైదరాబాదులో ఇంటర్వ్యూకైనా అది కావాలి. అయితే ఏ భాషలోనైనా స్లాంగ్ ఆ మనుషుల మధ్య బతికితే అబ్బుతుంది, బట్టీ పడితే కాదు. అప్పటిదాకా కొత్త మాట వినపడగానే, తెలిసినట్టు తలూపకుండా ‘అంటే ఏమిటండీ?’ అని ఇంగ్లిష్‌లో అడగగలిగితే చాలు. ఆ ఒక్క వాక్యం మాత్రం ఏ కోచింగ్ పుస్తకంలోనూ మొదటి పేజీకెక్కదు. పిల్లాడు అడగడం నేర్చుకుంటే రెండో నెల ఫీజు ఎవరు కడతారు?